తెలియక పెట్టిన వైఫై కాదది

సైనిక స్థావరంలోనో యుద్ధనౌకలోనో అనుమతి లేని వైఫై పట్టుబడిందంటే చాలు, వెంటనే ఒకే మాట వినిపిస్తుంది: సిబ్బందిలో అవగాహన పెంచాలి. ఒక సర్క్యులర్ వెళ్తుంది. గోడ మీద కొత్త పోస్టరు వెలుస్తుంది. ఏడాదికోసారి అందరూ క్లిక్ చేసుకుంటూ పోయే ఆన్‌లైన్ ట్రైనింగ్‌లో ఇంకో రెండు స్లైడ్లు చేరతాయి. వైర్‌లెస్ నెట్‌వర్క్‌లు వేయడం, వాటిని పరీక్షించడం నా వృత్తి. ఈ మాట నాకు ఎప్పుడూ మింగుడు పడదు. ఎందుకంటే ఈ విషయంలో ఇప్పటిదాకా అత్యంత వివరంగా బయటికొచ్చిన కేసులో అవగాహనకు లోటేమీ లేదు. అన్నీ తెలిసినవాళ్ళే చేశారు.

ఆ కేసు అమెరికా నౌకాదళానిది. యూఎస్‌ఎస్ మాంచెస్టర్ అనే యుద్ధనౌక. పెద్దదేం కాదు, తీరానికి దగ్గరి నీళ్ళలో వేగంగా తిరగడానికి కట్టిన తరగతి. 2023 ఏప్రిల్‌లో పశ్చిమ పసిఫిక్ వైపు డ్యూటీకి బయల్దేరే ముందు, ఆ నౌకలోని చీఫ్‌లు కొందరు గుట్టుగా, శాటిలైట్ల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ డిష్ ఒకటి తెచ్చి పైన ఆరుబయట డెక్కు మీద బిగించారు. చీఫ్‌లంటే మన సుబేదార్లలాగా ఆఫీసర్లకూ కింది సిబ్బందికీ మధ్య నిలబడే అనుభవజ్ఞులు. కిట్టుకు సుమారు 2,800 డాలర్లు పెట్టారు. నెలనెలా వచ్చే బిల్లు తలా కొంత పంచుకున్నారు. డజనుకు పైగా చీఫ్‌లు ఆ వైఫై వాడుకున్నారు. కెప్టెన్‌కు చెప్పలేదు. కింది నావికులకు పాస్‌వర్డ్ ఇవ్వలేదు. దేనికి వాడారయ్యా అంటే, ఇంటికి మెసేజ్‌లు పెట్టుకోవడానికి, మ్యాచ్ స్కోర్లు చూసుకోవడానికి, సినిమాలు చూసుకోవడానికి.

ఆ నెట్‌వర్క్ పేరు స్టింకీ, అంటే కంపుకొట్టేది. అప్పట్లో స్టార్‌లింక్ రౌటర్లు ఆ పేరుతోనే వచ్చేవి. అంత ఎబ్బెట్టు పేరు పెడితే జనం తప్పకుండా మార్చుకుంటారని ఆ కంపెనీ అధినేత ఈలాన్ మస్క్ పెట్టించిన పేరది. వీళ్ళు మార్చలేదు. కాబట్టి ఆ నౌకలో ఎవరైనా ఫోన్ తీసి వైఫై లిస్టు తెరిస్తే, స్టార్‌లింక్ సంగతి కాస్త తెలిసినవాడికి ఎక్కడో డిష్ ఉందని అర్థమైపోయేది.

ఈ పనికి ముందు నడిచినది నౌకలో కమాండ్ సీనియర్ చీఫ్. ఆఫీసర్లు కాని సిబ్బంది మొత్తానికి పెద్ద. కింది నావికుల క్రమశిక్షణ, బాగోగులు చూసి కెప్టెన్‌కు చెప్పాల్సిన హోదా. ఆవిడ పనిచేసి వచ్చింది నేవల్ ఇంటెలిజెన్స్‌లో. ఎంబీఏ చేశారు, అందులో ప్రత్యేకంగా చదివింది సమాచార భద్రత. అంటే ఈ విషయం మీద నౌకలో పాఠం చెప్పమంటే ముందు వరసలో నిలబడాల్సిన మనిషి. ఆవిడకు ఏ పోస్టరు చూపించి అవగాహన పెంచుతాం?

తర్వాత జరిగిందే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ప్రయాణం మొదలయ్యాక కింది నావికుల్లో గుసగుసలు పుట్టాయి. తెలియని వైఫై ఏదో కనపడుతోందని పై అధికారుల దాకా మాట వెళ్ళింది. నౌక లోపల వెతికారు, దొరకలేదు. డిష్ ఉన్నది లోపల కాదు. ఒక నావికుడు కెప్టెన్ కోసం పెట్టిన సలహాల పెట్టెలో కాగితం వేశాడు. ఆ కాగితం కెప్టెన్ చేతికి చేరలేదు. మధ్యలోనే కమాండ్ సీనియర్ చీఫ్ తీసేసుకున్నారు. ఆ పైన నెట్‌వర్క్ పేరు మార్చి వైర్‌లెస్ ప్రింటర్‌లా కనపడేట్టు చేశారు. ఆ నౌకలో వైర్‌లెస్ ప్రింటర్ అనేదే లేదు. స్టార్‌లింక్ వాడకం లెక్క బయటపెట్టాల్సి వచ్చినప్పుడు ఆ లెక్క చూపించే చిత్రాన్నే దిద్ది కెప్టెన్‌కు చూపించారు.

2023 ఆగస్టులో సంగతి బయటపడింది. అదీ ఎవరో పట్టుదలగా వెతికి పట్టుకున్నది కాదు. సైన్యం కోసం తయారైన స్టార్‌షీల్డ్ అనే శాటిలైట్ సర్వీసును అధికారికంగా బిగించడానికి నౌకాదళం పంపిన సివిలియన్ టెక్నీషియన్ ఒకరు పైకెక్కితే, అక్కడ అప్పటికే ఇంకో డిష్ ఉంది. 2024లో కోర్టు మార్షల్ జరిగింది. ఆవిడ ర్యాంకును ఒక మెట్టు తగ్గించారు. పాలుపంచుకున్న మిగతా చీఫ్‌ల మీదా శాఖాపరమైన చర్యలు తీసుకున్నారు.

ఒక మెట్టు తగ్గించడం సరిపోయే శిక్షేనా అని నన్నడిగితే, డిష్ పెట్టినందుకు మాత్రమే అయితే సరిపోవచ్చంటాను. ఆ కాగితం తీసేసినందుకు సరిపోదు. ఆ నావికుడు మనం పోస్టర్లలో అడిగేదంతా చేశాడు. చూశాడు, అనుమానించాడు, చెప్పాల్సిన చోట చెప్పాడు. అవగాహన అంటే అంతకన్నా ఏముంది? అతని దగ్గర అది నిండుగా ఉంది. అతని మాట వెళ్ళాల్సిన దారిలో కూర్చున్న మనిషే దాన్ని మింగేశారు. కంచే చేను మేసింది. ఆ నౌకలో మిగతా కుర్రాళ్ళు ఈ సంగతి నుంచి నేర్చుకునే పాఠం ఏమై ఉంటుంది? చెప్పినా లాభం లేదు, ఊరుకుంటే మంచిది అని. ఆ పాఠం ఒక్క నౌకతో ఆగదు. వాళ్ళు బదిలీ మీద వెళ్ళే ప్రతి చోటికీ వాళ్ళతోనే వెళ్తుంది.

స్కోర్లు చూసుకుంటే, ఇంటికి మెసేజ్ పెట్టుకుంటే ఇంత రాద్ధాంతమా అనేవాళ్ళుంటారు. ఇందులో ప్రమాదం ఎక్కడుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని హ్యాకింగ్ అనే ఒక్క మాటతో కట్టేస్తారు. వైఫై రౌటర్ ఎవరూ వాడకపోయినా ఊరికే ఉండదు. మామూలు సెట్టింగుల్లో సెకనుకు దాదాపు పదిసార్లు తన పేరు, తన నంబరు గాల్లోకి చెబుతూనే ఉంటుంది. పేరు దాచిపెట్టే సెట్టింగు ఉంది కానీ, దానివల్ల పేరు ఒక్కటే దాగుతుంది, పెట్టె దాగదు. ఫోన్లూ అంతే. మంచి యాంటెన్నా ఉన్నవాడికి ఇవన్నీ మనం అనుకునే దూరం కన్నా చాలా ఎక్కువ దూరం నుంచి అందుతాయి. యుద్ధనౌక అవసరమైనప్పుడు రాడార్లూ రేడియోలూ కట్టేసి, ఏ సిగ్నలూ బయటికి పోకుండా వెళ్తుంది. దాన్ని ఎమ్‌కాన్ అంటారు. ఎక్కడుందో శత్రువుకు తెలియకూడదని వందల మంది జాగ్రత్త పడుతుంటే, కెప్టెన్‌కు తెలియని ఒక డిష్ పైనుంచి శాటిలైట్లతో మాట్లాడుతోందంటే, ఆ జాగ్రత్తంతా ఏమైనట్టు? తన నౌక నుంచి ఏమేం సిగ్నళ్ళు వెళ్తున్నాయో కెప్టెన్‌కే తెలియని స్థితి అది.

అది నౌక కంప్యూటర్లకు కలపని వేరే నెట్‌వర్క్ కదా అనేది ఇంకో వాదన. ఈ వాదన నా వృత్తిలో ప్రతి చోటా వింటాను. దీనికి జవాబుగా రెండు సంఘటనలు చెబుతాను.

2018 ఏప్రిల్‌లో నెదర్లాండ్స్‌లోని ద హేగ్‌లో, రసాయన ఆయుధాల నిషేధ సంస్థ ఓపీసీడబ్ల్యూ భవనం పక్కనున్న హోటల్ పార్కింగ్‌లో ఒక అద్దె కారు ఆగి ఉంది. డిక్కీలో యాంటెన్నా, వైఫై పరికరాలు, బ్యాటరీ. యాంటెన్నా మీద ఒక కోటు కప్పి ఉంది. రష్యా సైనిక గూఢచార సంస్థ జీఆర్‌యూ మనుషులు నలుగురిని డచ్ అధికారులు అక్కడే పట్టుకుని దేశం నుంచి పంపించేశారు. అక్టోబరులో ఆ ఫొటోలన్నీ బయటపెట్టారు. పక్క భవనం వైఫై కోసం ఒక పెద్ద దేశం నలుగురిని విమానమెక్కించి పంపిందంటే, ఆ వైఫైకి వాళ్ళిచ్చిన విలువ ఎంతో అర్థమవుతుంది.

రెండోది ఇంకా విచిత్రం. వోలెక్సిటీ అనే అమెరికన్ భద్రతా కంపెనీ 2024 నవంబరులో బయటపెట్టింది. 2022 మొదట్లో, ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యే రోజుల్లో, అదే జీఆర్‌యూకు చెందిన హ్యాకర్లు వాషింగ్టన్‌లో ఒక సంస్థ నెట్‌వర్క్‌లోకి దూరాలనుకున్నారు. ఇంటర్నెట్ వైపు నుంచి తలుపు గట్టిగా ఉంది. వైఫైకి మాత్రం పాస్‌వర్డ్ ఒక్కటి ఉంటే చాలు. కానీ హ్యాకర్లున్నది వేల మైళ్ళ దూరంలో. వాళ్ళేం చేశారంటే, రోడ్డుకవతలి భవనంలో ఇంకో సంస్థ కంప్యూటర్లలోకి ముందు దూరి, అక్కడ వైఫై ఉన్న ఒక కంప్యూటర్ పట్టుకుని, దాని నుంచి ఈ భవనం వైఫైలోకి ఎక్కారు. మనిషిని పంపాల్సిన పని కూడా లేకపోయింది. అసలు సంస్థతో ఏ సంబంధమూ లేని పక్కవాడి మెషీనే దారి అయింది. కాబట్టి వేరే నెట్‌వర్క్, దేనికీ కలపలేదు అంటే నేను ఊరుకోను. అది ఎంత దూరంలో ఉంది, దానికి కలిసిన ఫోన్లు ఎవరి జేబుల్లో ఏయే గదుల్లోకి వెళ్తున్నాయి అని అడుగుతాను.

ఇక అసలు ప్రశ్న. ప్రమాదం తెలిసి, నిబంధన తెలిసి, శిక్ష పడుతుందని తెలిసి మనుషులు ఎందుకు చేస్తారు?

నగరం శివార్లలో ఒక ఫ్యాక్టరీకి వైర్‌లెస్ సర్వే చేయడానికి వెళ్ళాను. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళకూడదన్న నిబంధన ఉన్న చోటు. లాప్‌టాప్ చేత్తో పట్టుకుని కారిడార్లలో నడుస్తుంటే లిస్టులో లేని పేరు ఒకటి కనపడింది. మొదట సిగ్నల్ మైనస్ 80 దగ్గర ఉంది, అంటే చాలా బలహీనం. కాంటీన్ వైపు తిరిగితే మైనస్ 60. టీ మెషీన్ దగ్గరికి వెళ్ళేసరికి మైనస్ 35. మెషీన్ వెనక గోడకు డబుల్ టేపుతో అంటించిన సిమ్ కార్డు రౌటర్, చేతిలో ఇమిడేంతది. పైన టీ పొడి పేరుకుని ఉంది. టీ మెషీన్ ప్లగ్గు నుంచే కరెంటు. పెట్టింది నైట్ షిఫ్ట్ కుర్రాళ్ళు. వాళ్ళలో ఒకతని భార్యకు నెలలు నిండాయి. రాత్రి పూట ఏదైనా అయితే లోపలున్న మనిషికి కబురు చేరే మార్గం లేదు. గేటు దగ్గర ఫోన్ ఉంది కానీ, రాత్రి పదకొండు తర్వాత ఎత్తేవాళ్ళు ఉండరు. ఫోన్ దొంగతనంగా లోపలికి తెచ్చుకుని, టీ తాగే వంకతో వచ్చి చూసుకుని వెళ్తున్నారు.

మేనేజర్‌గారు అందరినీ తీసేస్తామన్నారు. నేను రిపోర్టులో రౌటర్‌తో పాటు గేటు ఫోన్ సంగతీ రాశాను. చివరికి వాళ్ళకు హెచ్చరిక ఇచ్చి వదిలారు. సెక్యూరిటీ డెస్క్ దగ్గర ల్యాండ్‌లైన్ పెట్టి, రాత్రంతా ఒక మనిషిని కూర్చోబెట్టి, ఇంటి నుంచి ఫోన్ వస్తే షిఫ్టులో ఉన్నవాళ్ళను పిలిచే ఏర్పాటు చేశారు. మళ్ళీ సర్వేకు వెళ్ళినప్పుడు ఆ వైపు ఏమీ దొరకలేదు. అయితే పై ఫ్లోర్‌లో ఒకటి దొరికింది. పెద్ద హోదాలో ఉన్న ఒకాయన గదిలో. ఆయనకు ఏ అవసరమూ లేదు, ఆఫీసు వైఫైలో కొన్ని సైట్లు తెరుచుకోవడం లేదని పెట్టించుకున్నారు. ఆ రౌటర్ గురించి రాసిన పేరాను రిపోర్టులోంచి తీసేయమని నన్ను అడిగారు. నేను తీయలేదు.

ఈ రెండు రౌటర్లూ నా లాప్‌టాప్‌కు ఒకేలా కనపడతాయి. కానీ ఒకటి అవసరం లోంచి పుట్టింది, ఇంకోటి నన్నెవరడుగుతారన్న ధీమా లోంచి పుట్టింది. మొదటిదానికి మందు, అనుమతి ఉన్న దారి ఒకటి చూపించడం. రెండోదానికి మందు, హోదా చూడకుండా పట్టుకునే తనిఖీ. అవగాహన తరగతి ఈ రెండింటిలో దేనికీ మందు కాదు. మాంచెస్టర్ నౌకలో రెండూ కలిసిపోయాయి. ఇంటి మీద బెంగ అందరికీ ఉంది. దాన్ని తీర్చుకునే వీలు మాత్రం హోదా ఉన్నవాళ్ళు తమకు తాము ఇచ్చుకున్నారు.

అనుమతి ఉన్న దారి అంటే భద్రతను సడలించడం అనుకుంటారు చాలామంది. మన సైన్యమే దీనికి ఎప్పుడో జవాబు చెప్పింది. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది, మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. మా అమ్మమ్మగారి ఊరు అక్కడికి దగ్గరే. మా మేనమామ ఆర్మీలో ఉన్న రోజుల్లో ఆయనకు ఉత్తరం రాయాలంటే పేరు, నంబరు, యూనిట్ రాసి కింద 56 ఏపీవో, అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబరు, అని రాసేవాళ్ళం. ఇంకొందరికి 99 ఏపీవో. నేవీ వాళ్ళకు ఫ్లీట్ మెయిల్ ఆఫీస్. ఊరు పేరుండదు, రాష్ట్రం పేరుండదు. ఆయన కశ్మీర్‌లో ఉన్నా రాజస్థాన్‌లో ఉన్నా అదే అడ్రసు. మా అమ్మమ్మకు చదువు లేదు. అయినా ఎవరైనా మీవాడు ఎక్కడున్నాడమ్మా అంటే "యాభైయ్యారు ఏపీవో" అనే చెప్పేది. అంతకుమించి ఆవిడకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఉత్తరం మాత్రం చేరేది.

ఆ ఏర్పాటు ఎంత గొప్పదో ఈ వృత్తిలోకి వచ్చాక నాకు అర్థమైంది. ఇంటికి ఉత్తరాలు రాయొద్దని సైన్యం అనలేదు. ఎక్కడున్నాడో చెప్పకుండానే ఉత్తరం చేరే దారి వేసింది. జవాను రహస్యాన్ని గుర్తుపెట్టుకుని కాపాడాల్సిన పని లేకుండా, ఆ రహస్యాన్ని అడ్రసులోనే దాచింది. ఈ రోజుల్లో అలాంటివి కట్టలేమా అంటే, కడుతున్నారు. 2023 అక్టోబరులో సియాచిన్‌లో 15,500 అడుగుల పైన సైన్యం, బీఎస్‌ఎన్‌ఎల్ కలిసి మొబైల్ టవర్ పెట్టాయి. 2025 జనవరిలో జియో అక్కడికి 4జీ, 5జీ తెచ్చింది. అంత మంచులో నిలబడ్డవాడికి ఇంటి గొంతు వినిపించాలని ఎవరో పూనుకుంటేనే అది జరిగింది. దేశంలో సియాచిన్ కన్నా ఎత్తయిన, కష్టమైన పోస్టు లేదు. అక్కడ కుదిరినప్పుడు, కింద ఉన్న స్థావరాల్లో కుదరదంటే నేను నమ్మను.

తప్పంతా కిందివాళ్ళ అవగాహన మీదకు నెట్టడం ఎంత ప్రమాదమో చూపించే సంఘటన ఉక్రెయిన్‌లో ఉంది. 2023 జనవరి 1, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, రష్యా ఆక్రమణలో ఉన్న మకీవ్కా పట్టణంలో ఒక వృత్తి విద్యా పాఠశాల భవనం మీద ఉక్రెయిన్ వేసిన హైమార్స్ రాకెట్లు పడ్డాయి. కొత్తగా సైన్యంలోకి లాగిన రష్యన్లను అందులో ఉంచారు. చనిపోయింది 89 మంది అని రష్యా రక్షణ శాఖ ఒప్పుకుంది. అసలు సంఖ్య ఇంకా చాలా ఎక్కువని ఉక్రెయిన్ చెప్పింది. కారణం? నిషేధం ఉన్నా సైనికులు ఫోన్లు వాడారు, శత్రువుకు ఆచూకీ తెలిసింది అని ఒక జనరల్ కెమెరా ముందు చెప్పారు. ఫోన్ల వల్ల ఆచూకీ తెలిసి ఉండవచ్చు, అది సాంకేతికంగా సాధ్యమే. కానీ అంతమందిని ఒకే భవనంలో కుక్కింది ఎవరు? రాకెట్ల పరిధిలో, మందుగుండు పక్కనే పడుకోబెట్టింది ఎవరు? రష్యాలోనే యుద్ధాన్ని సమర్థించేవాళ్ళు సైతం ఈ ప్రశ్నలు అడిగారు. చనిపోయిన కుర్రాడు తన ఫోన్ గురించి జవాబు చెప్పుకోలేడు. అందుకే నెపం అక్కడికి చేరింది.

ఫిట్‌నెస్ యాప్ స్ట్రావా కథలోనూ ఇదే తీరు. 2017 నవంబరులో ఆ కంపెనీ తన యూజర్లు పరిగెత్తిన దారులన్నీ ఒకే ప్రపంచ పటం మీద వెలుగు గీతలుగా పెట్టింది. 2018 జనవరిలో నేథన్ రూసర్ అనే ఆస్ట్రేలియా విద్యార్థి ఆ పటంలో అఫ్ఘనిస్థాన్, సిరియా ఎడారుల్లో వెలుగుతున్న గీతలు చూసి, ఇవి సైనిక స్థావరాలు కదా అని బయటపెట్టాడు. సైనికులు ప్రహరీ పక్కన పరిగెత్తిన దారులు ప్రహరీ ఆకారాన్నే గీసేశాయి. అందరూ సైనికుల్ని తిట్టారు. అయితే 2013లో ఊబకాయం తగ్గించడానికని అమెరికా రక్షణ శాఖ పెంటగానే, అడుగులు లెక్కపెట్టే వేల ఫిట్‌బిట్‌లు తన సిబ్బందికి పంచింది. పరిగెత్తమంది, లెక్క పెట్టుకోమంది. యుద్ధ ప్రాంతాల్లో లొకేషన్ చెప్పే యాప్‌లు ఆపేయమన్న ఆదేశం మాత్రం 2018 ఆగస్టులో వచ్చింది, పటం ప్రపంచమంతా చూశాక.

మన విశాఖ సంగతికి వస్తాను. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ విభాగం, కేంద్ర నిఘా సంస్థలు, నేవల్ ఇంటెలిజెన్స్ కలిసి ఏడుగురు నావికుల్ని, ఒక హవాలా వ్యక్తిని అరెస్టు చేశాయి. ఆ ఆపరేషన్‌కు డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టారు, హార్బర్ పక్కనున్న మన కొండ పేరే. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ళ పేర్లతో పరిచయమైనవాళ్ళకు నౌకల, సబ్‌మెరైన్ల కదలికలు చెప్పారన్నది ఆరోపణ. ఆ నెలాఖరులోనే నేవీ బేసుల్లో, డాక్‌యార్డుల్లో, నౌకల మీద స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించింది. తర్వాతి ఏడాది ఆర్మీ తన సిబ్బందిని ఫోన్లలోంచి 89 యాప్‌లు తీసేయమంది.

ఆ నిషేధం తప్పని నేను అనను. నిఘా ముప్పు కళ్ళెదురుగా ఉన్నప్పుడు ముందు తలుపు మూయాల్సిందే. మల్కాపురంలోనో సింధియాలోనో అద్దె ఇంట్లో ఇద్దరు పిల్లలతో ఉన్న ఒక నావికుడి భార్యను తలుచుకోండి. పిల్లాడికి జ్వరం నూట మూడు దాటితే భర్తకు ఎలా చెప్పాలి? ఏ నంబరుకు చేయాలి, ఎవరు ఎత్తుతారు, ఎంతసేపట్లో అతనికి చేరుతుంది? నిషేధం కాగితం ఎంత స్పష్టంగా ఉందో, ఈ జవాబూ అంత స్పష్టంగా ఉండాలి. అది గోడ మీద అంటించి ఉండాలి, ఆవిడ ఫోన్‌లో సేవ్ అయి ఉండాలి. అది లేని చోట ఎవరో ఒకరు టీ మెషీన్ వెనక రౌటర్ అంటిస్తారు. నా వృత్తిలో నేను చూసినదాన్ని బట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

ఇది క్రమశిక్షణ తప్పినవాళ్ళను వెనకేసుకు రావడం కాదా? సరిహద్దులో మంచులో నిలబడ్డ జవాన్లు దశాబ్దాల పాటు ఇంటర్నెట్ లేకుండానే ఉద్యోగం చేయలేదా? చేశారు, వాళ్ళకు దండం పెట్టాలి. ఇద్దరు ముగ్గురు రిటైర్డ్ సైనికులు నాతో ఈ మాట కోపంగానే అన్నారు, ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ వాళ్ళు ఉద్యోగం చేసిన రోజుల్లో ఇంట్లోవాళ్ళు కూడా పదిహేను రోజులకు వచ్చే ఉత్తరం కోసం ఎదురుచూసేవాళ్ళు. రెండు వైపులా అదే లెక్క. ఇప్పుడు ఇంట్లోవాళ్ళు ప్రతి గంటకూ ఫోన్ చూసుకునే లోకంలో ఉన్నారు. బ్యాంకు ఓటీపీ అతని నంబరుకే వస్తుంది, స్కూల్ ఫీజు అతని యాప్ నుంచే కట్టాలి. ఇంటి సంసారమంతా ఫోన్‌లోకి వచ్చేసింది. ఆ మనిషిని నెలల తరబడి దానికి దూరంగా ఉంచాలంటే ఉంచండి, కానీ ఆ సంసారం నడిచే ఏర్పాటు ఒకటి చేయండి. తెలిసి నిబంధన తప్పినవాణ్ణి శిక్షించండి, పైహోదా అయితే ఇంకా గట్టిగా శిక్షించండి.

తనిఖీ సంగతి మరీ తేలికగా తీసుకుంటారు. మాంచెస్టర్‌లో వెతికినవాళ్ళు నౌక లోపలే వెతికారు. వైఫైని కళ్ళతో వెతకకూడదు. సిగ్నల్ బలం చూసుకుంటూ నడవాలి, బలం పెరిగే వైపు వెళ్ళాలి, పైకి, కిందికి, బయటికి. దానికి పెద్ద పరికరాలు కూడా అక్కర్లేదు. ఉండకూడని చోట ప్రింటర్ పేరు కనపడితే ఆ ప్రింటర్ దగ్గరికి నడిచి వెళ్ళి చూడాలి. రేడియో సిగ్నళ్ళను ఇరవైనాలుగు గంటలూ గమనించే సెన్సర్లు కార్పొరేట్ ఆఫీసుల్లోనే పెడుతున్నాం, స్థావరాల్లో పెట్టలేమా? వాటి రిపోర్టు ఆ స్థావరంలోని ఒక్క అధికారి దగ్గరికే వెళ్ళకూడదు, బయట ఇంకొకరికీ నేరుగా వెళ్ళాలి. కింది నావికుడి ఫిర్యాదూ అంతే. అతని పైవాడి చేతుల మీదుగా వెళ్ళే పెట్టె ఉన్నా లేనట్టే.

అవగాహన తరగతులు వద్దని కాదు నేననేది. స్లైడ్లు ఆపి, తరగతిలోనే ఒక లాప్‌టాప్ తెరిచి, ఆ గదిలో ఉన్న ఫోన్లు గాల్లోకి ఏం చెబుతున్నాయో తెర మీద చూపించండి. హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ఐఫోన్లలో చాలావాటికి యజమాని పేరే నెట్‌వర్క్ పేరుగా వెళ్తుంది. తన పేరు తెర మీద కనపడ్డ కుర్రాడు ఆ తరగతిని మర్చిపోడు. ఆ తర్వాత అతనికి ఇవ్వాల్సింది, తెలియని నెట్‌వర్క్ చూస్తే ఏ నంబరుకు చెప్పాలి, చెబితే తన పేరు బయటికి రాదన్న హామీ ఎవరిస్తారు అనే రెండు సంగతులు.

ఇదంతా ఇప్పుడు తొందరపెట్టి రాయడానికి కారణముంది. మాంచెస్టర్ మీద పెట్టిన డిష్‌ను డెక్కు మీద బిగించాల్సి వచ్చింది. 2024లో స్టార్‌లింక్ మినీ వచ్చింది. లాప్‌టాప్ బ్యాగులో పడుతుంది, కిలో పైచిలుకు బరువు, పవర్ బ్యాంకుతో నడుస్తుంది. 2024 నవంబరులో అండమాన్ సముద్రంలో కోస్ట్ గార్డ్ పట్టుకున్న మయన్మార్ పడవలో దాదాపు 6 టన్నుల మెథాంఫెటమైన్ అనే మత్తుమందుతో పాటు స్టార్‌లింక్ పరికరం దొరికింది. 2025 జూన్‌లో ఆ కంపెనీకి మన దేశంలో లైసెన్స్ వచ్చింది. సర్వీసు మొదలయ్యాక ఆ పెట్టె విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ మామూలు సరుకైపోతుంది. గేటు దగ్గర బ్యాగు తనిఖీ చేసే జవానుకు ఇప్పుడే దాని ఫొటో చూపించి ఉండాలి. స్థావరంలో అది ఆన్ అయితే గంటలోపు తెలిసే సెన్సర్లు ఇప్పుడే బిగించి ఉండాలి. మల్కాపురంలో ఉన్న ఆ ఇంటికి ఫోన్ నంబరు ఇప్పుడే ఇచ్చి ఉండాలి, రాత్రి రెండింటికి చేసినా ఎత్తే నంబరు.